ఎడమ వరస

బిళ్ళ చేతికిచ్చే ముందు పెంచలయ్య మనిషి మొహం చూస్తాడు. తర్వాత సంచి చూస్తాడు. ఆ తర్వాతే కుడిపక్కనున్న చెక్కపలక మేకుల నుంచి ఒకే నంబరున్న రెండు రేకు బిళ్ళలు తీసిస్తాడు. ఒకటి బండి హ్యాండిల్‌కు తగిలించాలి. రెండోది జేబులో వేసుకుని, వచ్చి నిలబడ్డ కంపెనీ బస్సెక్కాలి. సాయంత్రం ఆ బిళ్ళ తెచ్చిస్తేనే బండి కదులుతుంది.

“సంచిలో ఏముందబ్బా?”

“క్యారియరన్నా. దినామూ అదే కదా,” అన్నాడు వెంకటేష్. అతను థర్మల్ ప్లాంటులో బొగ్గు బెల్టు దగ్గర పనిచేస్తాడు. బస్సు డ్రైవరు అప్పటికే రెండుసార్లు హారన్ కొట్టాడు.

“దినామూ అదేనని నువ్వంటా ఉండావు. నేను చూళ్ళేదు కదా.”

వెంకటేష్ నవ్వి సంచి తెరిచి చూపించాడు. పెంచలయ్య నవ్వలేదు. సంచిలోకి వంగి చూసి బిళ్ళలిచ్చాడు.

ముత్తుకూరు నుంచి కృష్ణపట్నం పోయే రోడ్డు పక్కన, చుట్టూ రేకులు కట్టిన బండ్ల స్టాండు అది. పోర్టుకూ ప్లాంట్లకూ పనికి పోయేవాళ్ళు అక్కడ బండ్లు పెట్టి బస్సులెక్కుతారు. గేటు లోపల, బండ్ల వైపు తిరిగి పెంచలయ్య ప్లాస్టిక్ కుర్చీ ఉంటుంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఒళ్ళంతా కుడివైపుకు ఒరిగి ఉంటుంది. మెడ కూడా ఎప్పుడూ కుడికే తిరిగి ఉంటుంది, అటునుంచి ఎవరో పిలిచినట్టు. ఎడమ చెయ్యి ఒడిలో పడి ఉంటుంది. ఎవరో కాసేపు పట్టుకోమని ఇచ్చి, తిరిగి రాకుండా పోయిన వస్తువులాగా. కుడి చెంప నున్నగా గీసుకున్నాడు. ఎడమ చెంప మీద రెండు రోజుల నెరిసిన గడ్డం. ఆ పక్క భార్య కామమ్మ గీస్తుంది, తీరిక దొరికిన రోజు.

పంతొమ్మిదేళ్ళు ఆయన ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. లోపలికి పోయేవాళ్ళ కార్డులు, బయటికి వచ్చేవాళ్ళ సంచులు చూడటం పని. పెరుగన్నం కింద రాగి తీగ చుట్టలు దాచి తెచ్చినవాణ్ణి నడక చూసే పట్టుకున్నాడు. బూటు అడుగున బేరింగులు పెట్టుకున్న ఆఫీసరు బంధువునూ వదల్లేదు. “పెంచలయ్య అనుమానపడ్డాడంటే అక్కడ ఏదో ఉన్నట్టే,” అనేవాళ్ళు. ఆ మాట ఆయనకు ఉద్యోగం కన్నా ఎక్కువ.

నాలుగేళ్ళ కిందట ఒక వాన పొద్దున, డ్యూటీలో టీ తాగుతుంటే చొక్కా మీద టీ కారింది. గ్లాసుకు చిల్లుందని టీ కొట్టతన్ని తిట్టాడు. ఇంకో గ్లాసులో పోసిచ్చాడతను. అదీ కారింది. కావాలనే చేస్తున్నాడని కోపంతో లేవబోయి, ఎడమ కాలు ఎక్కడుందో తెలియక పడిపోయాడు. పక్షవాతమన్నారు. మూడు వారాలు నెల్లూరు ఆస్పత్రిలో ఉన్నాడు. నడక సగం తిరిగొచ్చింది. మాట దాదాపు మొత్తం వచ్చింది. ఉద్యోగం రాలేదు.

“కన్ను బాగానే ఉంది. చెవీ బాగానే ఉంది. ఎడమ పక్కనేది ఒకటుందన్న ధ్యాసే మెదడులోంచి పోయింది. మీరే గుర్తుపెట్టుకుని మెడ తిప్పి చూస్తూ ఉండాలి,” అని డాక్టరు చెప్పాడు. పెంచలయ్య బుద్ధిగా తల ఊపాడు. లోపల మాత్రం నమ్మలేదు. తనకు కనిపించే దాంట్లో ఎక్కడా చీకటి లేదు, కోత లేదు. అంతా నిండుగానే ఉంది. వస్తువులే సరిగ్గా ఉండటం లేదు. బల్ల మీద పెట్టిన కళ్ళజోడు మాయమవుతుంది, అరగంటకు అదే బల్ల మీద దొరుకుతుంది. గుమ్మాలు ఎదురొచ్చి భుజాన్ని కొడతాయి. ఎవరో పేరు పెట్టి పిలుస్తారు, తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. ఇవన్నీ రోగమని చెప్పేవాళ్ళు ఎవరు? ఇంట్లోవాళ్ళు. అనుమానం రావాల్సింది కూడా మొదట ఇంట్లోవాళ్ళ మీదే అని గేటు దగ్గర పంతొమ్మిదేళ్ళు నేర్చుకున్నాడు.

ఈ స్టాండు పని మాత్రం పీర్ సాహెబు వల్ల దొరికింది. గేటుకు ఎడమపక్కన, కుర్చీకి నాలుగడుగుల దూరంలో ఆయన పంక్చర్ల రేకుషెడ్డు. డెబ్బై దగ్గరికొచ్చిన పొట్టి మనిషి. తెల్లటోపీ, గ్రీజు మరకల లుంగీ, బొంగురు గొంతు. స్టాండు కాంట్రాక్టరు కిషోర్ బాబుతో మాట్లాడి పెంచలయ్యను అక్కడ కూర్చోబెట్టింది ఆయనే. ఎందుకు కూర్చోబెట్టాడు? కాళ్ళూ చేతులూ సరిగా ఉన్న మనుషులు ఊళ్ళో దొరకలేదా? ఈ ప్రశ్న పెంచలయ్యను మొదటి నెల నుంచే తొలుస్తోంది. గేటు దగ్గర ఒళ్ళు సరిగ్గా లేనివాడు ఉంటే ఎవరికి లాభం?

ఎనిమిదిన్నరకు చివరి బస్సు వెళ్ళిపోయింది. పెంచలయ్య పలక మీద ఖాళీ మేకులు వేలితో తాకుతూ లెక్కపెట్టాడు. నలభై ఒకటి. తర్వాత కుర్చీలోంచే బండ్లు లెక్కపెట్టాడు. ఇరవై మూడు.

ఈ లెక్క తేడా ఇవాళ్టిది కాదు. ఏ రోజూ బండ్లు బిళ్ళలకు సరిపోవు. దాదాపు సగం మాయం. సాయంత్రం మాత్రం అందరూ బిళ్ళలిచ్చి ఎవరి బండి వాళ్ళు తోలుకుపోతారు. ఒక్కడూ గొడవ పెట్టుకోడు. పోయిన బండ్లు పగలంతా ఎక్కడ ఉంటున్నాయి? ఇంకో సంగతి కూడా ఉంది. స్టాండు చివర మరుగుదొడ్డికి పోతూ లెక్కపెడితే ఇరవై మూడుంటాయి. తిరిగొస్తూ లెక్కపెడితే పద్దెనిమిదే. అయిదు నిమిషాల్లో అయిదు బండ్లు ఎవడు తోలుకుపోయాడు? ఇంజను చప్పుడు కూడా వినబడదు. తోసుకుంటూ పోతున్నారన్నమాట.

ఆలోచించి ఆలోచించి పెంచలయ్య ఒక నిర్ణయానికొచ్చాడు. పీర్ సాహెబు బండ్లను పగటిపూట బాడుగకు తిప్పుతున్నాడు. పనికి పోయినవాళ్ళు సాయంత్రం దాకా రారు. పోర్టు బయట సరుకులు దాటించేవాళ్ళకు బండ్లు కావాలి. పంక్చరు కొట్టువాడి దగ్గర బండి ఉంటే ఎవరూ అడగరు. కుర్చీలో పెంచలయ్య ఉంటే అసలే అడగరు.

“పెంచలయ్యా, టీ.”

గొంతు వినపడగానే పెంచలయ్య కుడివైపు చూశాడు. ఎవరూ లేరు. మళ్ళీ దాక్కున్నాడు. ఒక క్షణం తర్వాత పీర్ సాహెబు చుట్టూ తిరిగి కుడిపక్కకు వచ్చి గ్లాసు చేతిలో పెట్టాడు.

“ఎందుకు సాయిబూ, యాడో నిలబడి పిలుస్తావు?”

“ముసిలోణ్ణి కదప్పా, నడక కంటే నోరు ముందొస్తాది.” ఆయన ఎడమ భుజం రుద్దుకుంటూ నిలబడ్డాడు. మొహం మీద చెమట ఉంది. “పొద్దుట్నుంచి ఛాతీలో పట్టేసినట్టుంది. గ్యాసేమో. పోయి ఒక సోడా తాగొస్తా. కాస్త ఆ పక్క కూడా కనిపెట్టుకో.”

ఆ పక్క. ఏ పక్క? పెంచలయ్య టీ గ్లాసు మీదుగా ఆయన మొహం చూశాడు. గేటు దగ్గర కూడా ఇట్లాగే, కడుపునొప్పి అనేవాళ్ళు, కళ్ళు తిరుగుతున్నాయనేవాళ్ళు. సంచి తెరవమన్నప్పుడే అందరికీ నొప్పులొస్తాయి.

“పో, పో. ఎంతసేపు తాగుతావో తాగు,” అన్నాడు.

పీర్ సాహెబు అతన్ని ఒకసారి చూసి రోడ్డు దాటాడు. తిరిగొచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. పెంచలయ్య గడియారం చూసి పెట్టుకున్నాడు. సోడా తాగడానికి ఇరవై నిమిషాలు.

ఒంటిగంటకు కామమ్మ క్యారియరు తెచ్చింది. పళ్ళెంలో అన్నం పెట్టి, చేపల పులుసు పోసి, ఎదురుగా ముక్కాలి పీట మీద కూర్చుంది. పెంచలయ్య తిన్నాడు. అయిపోయింది.

“చేప ముక్క ఏది?”

కామమ్మ పళ్ళేన్ని సగం చుట్టు తిప్పింది. అన్నం ఉంది. దాని మీద మట్టగిడస ముక్క కూడా ఉంది.

“ఇప్పుడు పెట్టినావా?”

“అప్పుడే పెట్టినా. ఎడం పక్కంతా అట్నే వదిలేసినావు.”

ఆమె పెట్టడం తను చూడలేదు. చేతివాటం గట్టిది. పెంచలయ్య ముక్క నోట్లో పెట్టుకుని, గొంతు తగ్గించి చెప్పాడు.

“మేయ్, ఇట్రా. సాయిబు మంచోడు కాదు. పెట్టిన బండ్లు పగలంతా బాడుగకు తిప్పతా ఉండాడు. లెక్కుంది నా కాడ.”

కామమ్మ మొహంలో రంగు మారింది. మొదట నవ్వొచ్చింది, వెంటనే కోపమొచ్చింది. “నోరు కడుక్కోవయ్యా! నాలుగేండ్లుగా ఆయనే గనక...” అని ఆపేసింది. చటుక్కున లేచి గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది.

“ఆయనే గనక? చెప్పు.”

“ఏం లేదు. మజ్జిగ తాగు.”

మాట మధ్యలో ఆపేవాళ్ళను పెంచలయ్య వేలమందిని చూశాడు. కామమ్మ పోతూ పోతూ షెడ్డు వైపు వెళ్ళింది. ఆమె గొంతు వినపడింది, తర్వాత బొంగురు గొంతు, తర్వాత ఇద్దరూ గొంతు తగ్గించారు. ఇల్లూ స్టాండూ ఒకటైపోయాయన్నమాట. నోట్లో పులుసు చేదెక్కింది. ముప్ఫై రెండేళ్ళు కాపురం చేసిన మనిషి.

ఇవాళ తేల్చాలి. ఇంటి దగ్గర ముగ్గు డబ్బాలోంచి తీసుకున్న సుద్దముక్క జేబులో ఉంది.

రెండున్నరకు సముద్రం వైపు నుంచి గాలి మొదలైంది. బొగ్గు లారీలు పోయినప్పుడల్లా నల్లటి దుమ్ము లేచి పడుతోంది. పెంచలయ్య చేతికర్ర అందుకుని లేచాడు. ఎడమ కాలు కాస్త ఈడుస్తూ లోపలికి నడిచాడు. ఒక్కో బండి దగ్గరా ఆగి, కర్ర చంకలో ఇరికించుకుని, సీటు మీద సుద్దతో అడ్డగీత గీశాడు. గేటు దగ్గర లోడు లారీలకు ఇట్లాగే గీసేవాడు. గీత ఉంటే చూసినట్టు. ఇరవై మూడు గీతలు. అప్పటికి చొక్కా వీపుకు అతుక్కుంది. చివర గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకున్నాడు. ఇప్పుడు ఏ బండి కదిలినా తెలుస్తుంది.

వెనక్కి తిరిగి నడక మొదలుపెట్టాడు. మొదటి బండి సీటు మీద గీత లేదు.

తుడిచేశారా? వేలితో రుద్ది చూశాడు. దుమ్ము అట్లాగే ఉంది. రుద్దిన చోట మాత్రమే నల్లగా మెరిసింది. రెండో బండి. గీత లేదు. దీని సీటు మీద తడిపిన గోనెపట్ట కప్పి ఉంది, ఎండకు కాలకుండా. తను గీసిన బండ్లలో ఒక్కదాని మీదా గోనెపట్ట లేదు. మూడోది. నాలుగోది. అన్నీ వేరే బండ్లు. అన్ని చక్రాల మధ్య నుంచీ ఒక పొడవాటి గొలుసు దూర్చి ఉంది. ఆ గొలుసు తనది కాదు. హ్యాండిళ్ళకు వేలాడుతున్న బిళ్ళలు మాత్రం తనవే. తను పొద్దున తన చేత్తో ఇచ్చినవే.

పద్దెనిమిది.

పెంచలయ్య నడి దారిలో ఆగిపోయాడు. ఎవరో ఆట ఆడిస్తున్నారు. కర్ర నేలకు గట్టిగా ఆనించి, మెడ ఒక్కటే కాకుండా ఒళ్ళంతా మెల్లగా తిప్పాడు. అడుగు, ఇంకో అడుగు, చంటిపిల్ల తిరిగినట్టు. పద్దెనిమిది బండ్లు జారిపోయాయి. వాటి స్థానంలో ఇంకో వరస వచ్చింది. ప్రతి సీటు మీదా తెల్లటి గీత. మళ్ళీ తిరిగాడు. గోనెపట్టలు. మళ్ళీ తిరిగాడు. గీతలు.

ఇరవై మూడూ పద్దెనిమిదీ. ఎన్ని?

రెండుసార్లు కూడాడు. మొదటిసారి తనను తనే నమ్మలేదు.

ఎవరూ ఏ బండీ తీసుకుపోలేదు. నాలుగేళ్ళుగా ఇక్కడ రెండు వరసలున్నాయి. ఒక వరసను తను కాపలా కాశాడు. రెండోదాన్ని ఇంకెవరో కాశారు. గొలుసు వేసి, గోనెలు తడిపి కప్పి, తన దగ్గర దాచడానికి కాదు, తనకు కనబడని బండ్లు పోకూడదని కాశారు. డాక్టరు చెప్పిన మాట ఇప్పుడు వంట్లోకి దిగింది.

కుర్చీ దాకా ఎట్లా వచ్చాడో తెలియదు. వస్తూ వస్తూ షెడ్డులో టైర్ల దొంతరకు ఆనుకుని ఉన్న తెల్లటోపీ కంటబడింది. తల వాలి ఉంది. ఈ వేళకు సాయిబు కునుకు తీస్తాడు. తీయనీ. పెంచలయ్య తిరిగి కుర్చీలో కూర్చున్నాడు. తెల్లటోపీ లేకుండా పోయింది. కానీ అక్కడ ఉందని ఇప్పుడు ఆయనకు తెలుసు. అది వింతగా ఉంది.

చేతికర్ర మోకాళ్ళ మధ్య నిలబెట్టుకున్నాడు.

“సాయిబూ,” అన్నాడు చివరికి, ఎదురుగా చూస్తూనే. “రెండు వరసలుండాయి కదా.”

లారీ ఒకటి పోయింది.

“నాకు చెప్పుంటే ఏం పోయింది? ఒక్క మాట చెప్పుండొచ్చు కదా. చెప్తే నేను నమ్మేవాణ్ణా అంటావు. సరే, నమ్మను. అయినా చెప్పాల.”

వినీ విననట్టు ఉన్నాడు. లోపల్లోపల నవ్వుకుంటున్నాడేమో. పెంచలయ్యకు సిగ్గుతో పాటు కోపమొచ్చింది.

“నవ్వుకో. నిన్ను దొంగనుకున్నా నేను. నాలుగేండ్లు అనుకున్నా. కిషోర్ బాబుకు ఫోన్ చేసి చెప్పాలని కూడా అనుకున్నా, ఈ ఆదివారం. ఇవాళ మజ్జిగ తాగినప్పుడు నా పెండ్లాన్ని కూడా నీతో కలిపి అనుమానపడినా. ఏందో అను సాయిబూ. తిట్టు.”

గాలికి రేకులు టపటపమన్నాయి. కోపమొచ్చి ఉంటుంది ఆయనకు. రాకుండా ఎట్లా ఉంటుంది? పెంచలయ్య ఇక ఒత్తిడి చెయ్యలేదు. మనిషి తేరుకోవడానికి కొంత టైము ఇవ్వాలి. ఆయన పక్కన అట్లాగే కూర్చున్నాడు. చాలా రోజుల తర్వాత లెక్కపెట్టాలనిపించలేదు. ఒకసారి మాత్రం, “సోడా తాగినాక తగ్గిందా?” అని అడిగాడు.

అయిదు గంటలకు మొదటి బస్సు వచ్చింది. వెంకటేష్ బండి తీసుకుని, చక్రంలో గాలి పట్టించుకుందామని షెడ్డు దగ్గర ఆగాడు.

“సాయిబన్నా. సాయిబన్నా...” తర్వాత గొంతు మారింది. “పెంచలయ్యన్నా! ఈయన ఎప్పట్నుంచి ఇట్లా ఉండాడు?”

జనం చేరారు. ఎవరో నీళ్ళు చల్లారు. 108 వచ్చింది. అందులోంచి దిగినతను మెడ దగ్గరా మణికట్టు దగ్గరా పట్టి చూసి, కనురెప్ప ఎత్తి చూసి లేచి నిలబడ్డాడు. “పోయి రెండు గంటలు దాటింది. పక్కన ఎవురూ లేరా?” అన్నాడు.

పెంచలయ్య కుర్చీలోంచి లేవలేకపోయాడు.

పీర్ సాహెబు భార్య జైతూన్‌బీ ఆటోలో వచ్చింది. సన్నటి మనిషి, వంటపని మధ్యలోంచి లేచొచ్చినట్టు చేతులకు పిండి ఉంది. ఏడవలేదు. ముందు భర్త టోపీ సరిచేసింది. కాళ్ళు చాపి, లుంగీ కిందికి లాగింది. తర్వాత పెంచలయ్య దగ్గరికొచ్చి, ఆయన కుడిపక్కన నిలబడింది. ఏ పక్క నిలబడాలో ఆమెకు ముందే తెలుసు.

“మధ్యాన్నం ఏమన్నా చెప్పినాడా అన్నా?”

“నేనే చెప్తా ఉన్నానమ్మా. వింటా ఉండాడనుకున్నా.” ఇది దాచకూడదు. సంచి తెరవాల్సింది ఇప్పుడు తనే. “పొద్దున ఛాతీ పట్టేసిందన్నాడు. సోడా తాగొస్తానన్నాడు. నేను నమ్మలా. సాకు చెప్తా ఉండాడనుకున్నా.”

జైతూన్‌బీ చేతుల పిండి కొంగుకు తుడవబోయి ఆగింది.

“రాత్రి నాక్కూడా అదే చెప్పినాడు,” అంది. “సోడా తాగి పడుకోమన్నా. నేనూ నమ్మలేదు.”

ఆమె పిండి చేతినే ఆయన వీపు మీదుగా చాపి, భుజం మీద ఒక్కసారి తాకింది. ఏ భుజమో పెంచలయ్యకు స్పష్టంగా తెలిసింది. ఎడమ భుజమే.

వాళ్ళు పీర్ సాహెబును ఆటోలో పడుకోబెట్టి ముత్తుకూరు తీసుకుపోయారు. రెండో బస్సు వచ్చింది. మనుషులు బిళ్ళలు పట్టుకుని నిలబడ్డారు. గొలుసు తాళంచెవి షెడ్డులో మేకుకు దొరికింది. పెంచలయ్య కర్ర పట్టుకుని లోపలికి పోయి, తన చేత్తో తాళం తీశాడు. ఒక్కో గోనెపట్టా తీసి మడిచి పక్కన పెట్టాడు. బిళ్ళ చూశాడు, బండి చూశాడు. ఇవాళ ఎవరి సంచీ చూడలేదు. ఒళ్ళంతా తిప్పుతూ, ఈ వరసా ఆ వరసా చూస్తూ, నలభై ఒకటి లెక్క సరిపోయేదాకా బండ్లు అప్పగించాడు. ఎవరూ తొందరపెట్టలేదు.

కామమ్మ వచ్చేసరికి స్టాండు ఖాళీ అయింది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“మధ్యాన్నం మాట మింగేసినావు,” అన్నాడు పెంచలయ్య.

“ఆయనే చెప్పొద్దన్నాడు. తెలిస్తే ఈడికి రావడం మానేస్తాడు, ఇంట్లో కూర్చుంటే మనిషి పోతాడు అన్నాడు. ఇయ్యాల కూడా అదే చెప్పి పంపించినాడు నన్ను.”

పెంచలయ్య తలూపాడు. ఆమె పోదాం అంది. కాసేపాగమన్నాడు. కుర్చీని పట్టుకుని, కాలితో నెట్టి, మెల్లగా ఎడమవైపుకు తిప్పుకున్నాడు. నాలుగేళ్ళలో మొదటిసారి ఆ షెడ్డుకు ఎదురుగా కూర్చున్నాడు. టైర్ల దొంతర. గాలి మోటారు. కాగితం చింపేసిన పాత క్యాలెండరు. వీటన్నిటికీ కింద, మనిషి కూర్చునే చోటికి చేతికందే దూరంలో ఒక నల్లటి నీళ్ళతొట్టి. అందులో ఎవరిదో స్కూటరు ట్యూబు, పైకి తేలకుండా ఒక స్పానరు బరువు పెట్టి ముంచి ఉంది. చిల్లు ఎక్కడుందో ఇంకా గుర్తు పెట్టలేదు. ఒకే చోటి నుంచి, ఆగి ఆగి, ఒక్కొక్క బుడగ పైకొచ్చి నీటి మీద పగిలిపోతోంది.